ఒక్క కీర్తన, అరడజను రికార్డింగులు: ముందు దేన్ని వినాలి?

సంగీతం మీద ఇష్టం ఉన్నవారు నలుగురు కలిస్తే కాసేపటికే రికార్డింగుల ఇచ్చిపుచ్చుకోలు మొదలవుతుంది. ఒకరు మూడు నిమిషాల పాత గ్రామఫోను ప్లేటు వినిపిస్తారు. ఇంకొకరు అదే కీర్తనను అరగంట సేపు పాడిన కచేరీ టేపు తీస్తారు. మరొకరి దగ్గర మాండలిన్ మీద వాయించినది ఉంటుంది, వేరొకరి దగ్గర గిటారుతో, కీబోర్డుతో కొత్తగా పాడుకున్నది ఉంటుంది. ఆ తరువాత ఎవరు గొప్ప అన్న వాదం బయలుదేరుతుంది. ఆ వాదంలో నేనూ చాలా ఏళ్లు ఉత్సాహంగా పాల్గొన్నాను కానీ, మేము పోలుస్తున్నవి అసలు పోలికకు నిలిచేవి కావని ఆలస్యంగా తెలిసింది. మూడు నిమిషాల్లో ముగించాలని గడియారం చూసుకుంటూ పాడిన విద్వాంసుడు, అదే కీర్తనను సభలో తీరికగా విప్పిన విద్వాంసుడు ఒకే మనిషి కావచ్చు గాని, ఆ రెండు సందర్భాల్లో ఆయన చేస్తున్న పని ఒకటి కాదు. అందుచేత రికార్డింగును ఎంచుకునేటప్పుడు గాయకుడి పేరు కన్నా ముందు దాన్ని ఎక్కడ, దేనికోసం, ఎంత నిడివికి పాడారో చూసుకోవాలని నా అభిప్రాయం. ఈ వ్యాసంలోని పోలిక అంతా ఆ దృష్టితోనే సాగుతుంది.

చర్చ గాలిలో ఉండకుండా త్యాగరాజస్వామి ‘నగుమోము గనలేని’ కీర్తననే ఉదాహరణగా తీసుకుందాం. ఆభేరి రాగం, ఆది తాళం. తెలుగువారికే కాక దక్షిణదేశమంతటికీ తెలిసిన కీర్తన. 1988లో వచ్చిన మలయాళ చిత్రం ‘చిత్రం’లో వాడుకోవడం వల్ల శాస్త్రీయ సంగీతంతో పరిచయం లేని వారి చెవులకు కూడా ఇది చేరింది. గాయకుడు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ (1899–1975) గ్రామఫోను ప్లేటు మీద దీన్ని ఇచ్చి ఇంటింటి పాటగా చేశారు. బాలమురళీకృష్ణ గొంతులో విన్నవారు మరొకరిది ఒప్పుకోవడం కష్టం. మాండలిన్ శ్రీనివాస్ తీగల మీద విన్న నా తరం వారికి అదొక వేరే వ్యామోహం. ఇన్ని ఉన్నప్పుడు కొత్తగా వినదలచుకున్న మనిషి దేనితో మొదలుపెట్టాలి?

మొదట పాత ప్లేటు సంగతి. లక్కతో చేసిన ఆ నల్లటి పదంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది, ఒక వైపు సుమారు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. ఆ కాస్త వ్యవధిలో పల్లవి, అనుపల్లవి, చరణం పట్టాలంటే రాగాలాపన ఉండదు, ఉన్నా నాలుగు పట్టులతో సరి. నెరవు, అంటే ఒకే పంక్తిని రకరకాలుగా తిప్పి పాడడం, ఉండదు. సంగతులు, అంటే ఒక్కో పంక్తిని మెట్టుమెట్టుగా పెంచి పాడే రూపాలు, ఏరి పెట్టుకోవాలి. ఇదంతా లోపమని అనుకునేవారు ఉన్నారు, నేను అనుకోను. పది సంగతుల్లోంచి నాలుగు ఏరుకోమంటే విద్వాంసుడు ఏవి ఏరాడో చూస్తే ఆయన మనసులో ఆ కీర్తన రూపురేఖ ఏమిటో తెలిసిపోతుంది. కచేరీలో ఆ రూపురేఖ వైభవం కింద కప్పబడి ఉంటుంది. కొత్త శ్రోత దృష్టి మొదటి ఆలాపన దగ్గరే చెదరకుండా కీర్తన మొత్తాన్ని ఒక్క గుక్కలో చూపించేది ప్లేటే. కాకపోతే చప్పుడు, గరగర, మృదంగం వినీ వినపడకపోవడం, తంబూరా దాదాపు లేనట్టే ఉండడం, ఇవన్నీ భరించాలి. ఆ గరగరకు చెవి అలవాటు పడడానికి నా అనుభవంలో మూడు నాలుగు ప్లేట్లు పడతాయి, ఆ తరువాత అది అడ్డు రాదు.

ప్రసక్తి వచ్చింది కాబట్టి ఒక వింత సంగతి. 1902లో మన దేశంలో తొలి రికార్డింగులు ఇచ్చినవారిలో ఒకరైన గాయని గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో ప్రకటించుకునేది. అది గర్వం అనుకుంటారు చాలామంది. కానీ అప్పట్లో పాటను పట్టిన మైనపు అచ్చులు జర్మనీకి వెళ్లి అక్కడ ప్లేట్లుగా తయారయ్యేవి. అక్కడివారికి ఏ పాట ఎవరిదో తెలియడానికి, సరైన చీటీ అతికించడానికి ఆ ప్రకటన పనికొచ్చేది. పాత ప్లేటు వింటున్నప్పుడు పాట తుదిలో ఇలాంటి అరుపులు వినిపిస్తే కోసి పారేసిన ప్రతి కన్నా, ఉంచిన ప్రతినే దాచుకోండి.

ఇక లాంగ్ ప్లే రికార్డు. నిమిషానికి ముప్పై మూడు చుట్ల పైచిలుకు వేగం, వైపుకు ఇరవై నిమిషాల పైన నిడివి. దీనివల్ల మనకు దక్కిన వాటిలో అందరూ ఎరిగినది 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన శ్రీవేంకటేశ్వర సుప్రభాతం. సుప్రభాతంలో 29, స్తోత్రంలో 11, ప్రపత్తిలో 16, మంగళాశాసనంలో 14, వెరసి 70 శ్లోకాలు. అన్నీ కలిపి సుమారు ఇరవై నిమిషాలు. ఇదే 78 ప్లేట్ల మీద అయితే కనీసం ఆరేడు సార్లు పక్క తిప్పాల్సి వచ్చేది, తెల్లవారుజామున ఇంట్లో ఎవరు కూర్చుని తిప్పుతారు? స్టూడియోలో పాడిన ఇలాంటి రికార్డింగులకు ఉన్న ప్రధాన గుణం ఉచ్చారణలో నిలకడ. తప్పు పోతే మళ్లీ పాడవచ్చు, పక్కవాద్యాలను సమంగా అమర్చవచ్చు, తంబూరా చక్కగా వినిపిస్తుంది. సాహిత్యం కోసం, పారాయణం కోసం, పిల్లలకు నోటికి రావడం కోసం వినేవారు స్టూడియో రికార్డింగునే ఎంచుకోవాలి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. అయితే మనోధర్మం, అంటే అప్పటికప్పుడు పుట్టే కల్పన, కోసం స్టూడియో దగ్గరికి వెళితే ఎక్కువసార్లు నిరాశే. ఎదురుగా తల ఊపేవారు లేనప్పుడు, వయొలిన్ విద్వాంసుడు ఒక పట్టు పట్టి ‘ఇదిగో చూడు’ అన్నట్టు చూసే వేడి లేనప్పుడు ఎంతటి వారైనా అచ్చులో పోసినట్టే పాడతారు.

నా మటుకు నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి రేడియో రికార్డింగులు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే వీటిని కొత్తవాళ్లు తక్కువ చూపు చూస్తారు. విజయవాడలో ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఉదయం భక్తిరంజని, ఆ తరువాత శాస్త్రీయ సంగీతం, సంగీత శిక్షణ, లలిత సంగీతం, ఇలా తెలుగు ఇళ్లలో చెవులను పెంచింది ఆ కేంద్రమే. రేడియో కచేరీలో జనం ఉండరు కాబట్టి చప్పట్ల కోసం పాడే పాట ఉండదు. కేటాయించిన సమయం ఉంటుంది కాబట్టి సాగతీత ఉండదు. అలాగని మూడు నిమిషాల గండం కూడా లేదు. నాలుగైదు నిమిషాల ఆలాపన, నిండుగా కీర్తన, కొద్దిగా స్వరం, ఇది రేడియో కొలత. దీనికి తోడు ప్రకటనకర్త ముందే రాగం, తాళం, కర్త పేరు చెబుతారు. కొత్త శ్రోతకు ఇంతకన్నా ఉపకారం ఏముంటుంది?

గాయకుడు వోలేటి వెంకటేశ్వర్లు (1928–1989) విజయవాడ కేంద్రంలోనే పనిచేశారు. ఆయన సంగీతం ఈనాటి వారికి ఎక్కువగా రేడియో టేపుల ద్వారా, అభిమానులు దాచిపెట్టిన కచేరీ టేపుల ద్వారానే చేరింది. ఆ గొంతు విన్న తరువాత ‘మార్కెట్టులో దొరికినదే సంగీతం’ అనే భ్రమ పోతుంది. ఒక అభిమాని అర్ధరాత్రి వరకు కూర్చుని టేపు నుంచి టేపుకు ఎక్కించి స్నేహితులకు పంచకపోతే అటువంటి సంగీతంలో ఎంత మనకు మిగిలేదో ఆలోచించండి. రేడియో టేపుకు ఉన్న లోపం ఒకటే, కొన్నిటికి మొదలు ఉండదు. ఇంట్లో రికార్డు చేసేవారు ప్రకటన విని పరుగెత్తుకొచ్చి మీట నొక్కేలోపు పల్లవి సగం అయిపోయేది.

కచేరీ టేపు వీటన్నిటికీ పెద్దన్న. రాగాలాపన, కీర్తన, నెరవు, స్వరకల్పన (అప్పటికప్పుడు అల్లే స్వరాలు), తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) అన్నీ ఉంటాయి. ‘నగుమోము’లో నెరవు చేసేవారు సాధారణంగా చరణంలో ‘జగమేలే పరమాత్మ’ అన్న చోట ఆగుతారు. ‘జగమేలే పరమాత్మా, ఎవరితో మొరలిడుదు’ అన్న ఆ మాటలను పదిసార్లు పదిరకాలుగా తిప్పి పాడుతుంటే, మొదటిసారి ప్రశ్నగా ఉన్నది మూడోసారికి నిష్ఠూరమై, ఏడోసారికి వేడుకోలుగా మారడం వింటాం. ఇది ప్లేటు ఇవ్వలేదు, స్టూడియో ఇవ్వడం అరుదు. కానీ కచేరీ టేపుతో మొదలుపెట్టమని కొత్తవారికి నేను చెప్పను. కీర్తన ఒంటికి పట్టకముందే నెరవు వింటే అది వట్టి స్వరాల జడివానగా తోస్తుంది. పైగా కచేరీల్లో మైకు గొంతుకు దగ్గరగా ఉంటే మృదంగం దూరంగా, మృదంగానికి దగ్గరగా ఉంటే గొంతు దూరంగా ఉంటుంది. ముందు వరసలో దగ్గే మనిషి ప్రతి టేపులోనూ ఉంటాడు. ఆయనెవరో గాని దేశమంతా తిరిగినట్టున్నాడు.

ఇప్పుడు తెలుగు శ్రోతకు ప్రత్యేకంగా పనికొచ్చే ఒక పరీక్ష చెబుతాను. చరణంలో ‘ఖగరాజు నీ యానతి విని వేగ చనలేడో, గగనానికిలకు బహు దూరంబనినాడో’ అని ఉంది. నన్ను రక్షించడానికి రాకపోవడానికి కారణమేమిటి స్వామీ, నీ ఆజ్ఞ విని గరుత్మంతుడు వేగంగా బయలుదేరలేదా, ఆకాశానికీ భూమికీ చాలా దూరమని నీతో అన్నాడా, అని అడుగుతున్నాడు త్యాగయ్య. ‘గగనానికి, ఇలకు’ అనే రెండు మాటలు సంధితో కలిశాయి. భాష తెలియని గాయకుడు వరుసను బట్టి ‘గగనానికిల’ దగ్గర ఊపిరి తీసి ‘కుబహు దూరం’ అని ఎత్తుకుంటాడు. అప్పుడు భూమి మాయమై ‘కుబహు’ అనే కొత్త పదం పుడుతుంది. ఇలా పాడినవారిలో మహావిద్వాంసులూ ఉన్నారు, అంతమాత్రాన వారి సంగీతం తక్కువ కాదు. కానీ ఇంట్లో పిల్లలకు నేర్పించే ప్రతిగా దేన్ని పెట్టుకోవాలి అన్నప్పుడు మాత్రం ఈ ఒక్క చోట చెవి పెట్టి వినండి, ఊపిరి ‘ఇలకు’ తరువాత తీశారా, ముందే తీశారా అన్నది చూస్తే చాలు. పల్లవిలో ‘నా జాలి దెలిసి’ అన్నది ఇంకొక చోటు. ఇక్కడ జాలి అంటే దయ కాదు, దుఃఖం. ఆ మాటను దిగులుగా దించిన గాయకుడికి అర్థం తెలుసు.

ఇదే కీర్తనలో మరొక పోలిక స్వరానికి సంబంధించినది. నేడు ఎక్కువమంది ఆభేరిని చతుశ్రుతి ధైవతంతో, అంటే ‘ద’ స్వరం పై స్థానంతో, పాడుతున్నారు. కింది స్థానమైన శుద్ధ ధైవతంతో పాడే పాఠాంతరం కూడా ఉంది, దాన్నే పాతదిగా భావించేవారున్నారు. ఒక్క స్వరస్థానం మారినంత మాత్రాన ఏమవుతుందిలే అనుకోకండి. రెండూ పక్కపక్కన పెట్టి వింటే మొదటిదానిలో వెన్నెల, రెండోదానిలో సాయంకాలపు చీకటి కనిపిస్తాయి. ఒకదానికి అలవాటు పడిన చెవికి రెండోది తప్పుగా తోచడం సహజం. మిత్రుడు శుద్ధ ధైవతపు పాఠం పంపితే ‘అపస్వరం’ అని తిరిగి రాయకముందు రెండు రోజులు ఆగి మళ్లీ వినమని నా మనవి.

వాద్యం మీద వాయించిన ప్రతుల విషయంలో నా సలహా చిన్నదే. పాట వచ్చిన తరువాత వాద్యం వినండి, ముందు కాదు. ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) వయొలిన్ గాని, ఈమని శంకరశాస్త్రి (1922–1987) వీణ గాని, పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) గాని మాటను మనసులో పెట్టుకునే వాయించారు. సాహిత్యం తెలిసిన శ్రోతకు వారి మీటులో అక్షరాలు వినిపిస్తాయి. తెలియని శ్రోతకు వేగం మాత్రమే వినిపిస్తుంది. గిటారు, కీబోర్డు, డ్రమ్ములతో నేటి యువతీయువకులు చేస్తున్న కొత్త రూపాల మీద నాకు కోపం లేదు. వాటిలో కాలప్రమాణం (నడక వేగం) బిగిసి ఉండడం వల్ల గమకం, అంటే స్వరానికిచ్చే ఊపు, సాగడానికి చోటు తక్కువ, అది మాత్రం గుర్తుంచుకుంటే చాలు. గమకం లేని ఆభేరి ఉప్పు లేని పప్పు, అయినా ఆకలిగా ఉన్న పిల్లవాడికి అదీ మొదటి ముద్దే.

కర్త మారితే ఎంపిక సూత్రం కూడా మారుతుంది. త్యాగరాజ కీర్తనలకు శిష్యపరంపర ఉంది కాబట్టి ఎన్ని పాఠాంతరాలున్నా మూలరూపం ఒకటుందని నమ్మి పోల్చవచ్చు. అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలకు అది కుదరదు. రాగిరేకుల మీద రాగం పేరు ఉంది గాని స్వరం లేదు. ఇప్పుడు మనం వింటున్న వరుసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దపువారు కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979), నేదునూరి కృష్ణమూర్తి (1927–2014), గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు ఎవరి చెవితో వారు వాటికి స్వరదేహం ఇచ్చారు. రేకు మీద ఒక రాగం ఉండగా వేరొక రాగంలో ప్రచారానికి వచ్చినవీ ఉన్నాయి. కాబట్టి అన్నమయ్య పాటకు ఇద్దరు గాయకులను పోల్చే ముందు ఇద్దరూ పాడుతున్న వరుస ఒకరిదేనా అని చూసుకోవాలి. రేవతి రాగంలో ‘నానాటి బతుకు’ మీ మనసును పట్టి ఉంటే ఆ పట్టులో సగం పాలు నేదునూరిది, ఎవరు పాడినా సరే. అప్పుడు ఆయనే పాడిన ప్రతి ఒకటి, మరొకరు పాడినది ఒకటి పక్కన పెట్టుకోవడం న్యాయమైన పోలిక. వరుస కట్టినవారి గొంతులో సాధారణంగా అలంకారం తక్కువ, ఉద్దేశం స్పష్టం. నేర్చుకునేవారు దానితోనే మొదలుపెట్టాలి.

రామదాసు కీర్తనల విషయం వేరు. అవి ఊరూరా భజనల్లో బతికినవి. వాటిని ఇంటింటికీ చేర్చినవారిలో బాలమురళీకృష్ణ (1930–2016) అగ్రగణ్యులు. ‘పలుకే బంగారమాయెనా’ అంటే ఇప్పుడు ఎవరికైనా ఆనందభైరవిలో ఆయన గొంతే గుర్తుకొస్తుంది. కానీ ఆ రికార్డింగు ఒక్కటే విని ఆగిపోతే సగమే విన్నట్టు. పల్లెటూరి రామమందిరంలో తాళాలు, హార్మోనియంతో నలభై మంది కలిసి పాడుతుండగా ఎవరో ఫోనులో పట్టుకున్న ప్రతి దొరికితే దాన్ని కూడా దగ్గర పెట్టుకోండి. మొదటిది చెరసాలలో ఒంటరిగా ఉన్న గోపన్న. రెండోది ఆయన కోసం గొంతెత్తిన ఊరు. శ్రుతి తప్పిందని దాన్ని తీసేయకండి.

క్షేత్రయ్య పదాలకు వచ్చేసరికి తెలుగువారికి ఒక చిన్న సిగ్గు, పెద్ద ఆశ్చర్యం. మన మువ్వగోపాల పదాలను శ్రద్ధగా కాపాడింది మద్రాసులోని వీణ ధనమ్మాళ్ (1867–1938) కుటుంబం. ఆమె మనవరాళ్లు బృంద, ముక్త పాడిన పదాలు దొరికితే వాటికి మరొక ప్రత్యామ్నాయం వెదకవద్దనే నా సలహా. కాకపోతే వారిది అతి విలంబం. మాట ఒక్కొక్క అక్షరంగా సాగి సాగి వస్తుంది, మధ్యలో గమకాలు అల్లుకుంటాయి, చెవితో మాత్రమే పదాన్ని పట్టుకోవడం కష్టం. పుస్తకంలో సాహిత్యం చదివి, నాయిక ఎవరో, ఎవరితో మాట్లాడుతోందో తెలుసుకుని, అప్పుడు వినండి. తొందరలో ఉన్నవారు, బస్సులో వెళ్లేవారు వీటిని మరొక రోజుకు దాచుకోవడం మంచిది.

లలిత సంగీతంలో ఎంపిక తేలిక, దాదాపు ఎప్పుడూ మొదటి రికార్డింగే. సాలూరి రాజేశ్వరరావు, ఆర్. బాలసరస్వతీదేవి గొంతులు 78 ప్లేట్ల మీద వినిపించినంత కోమలంగా ఆ పాటలు తరువాత మరెవరి నోటా పలకలేదని నా గట్టి నమ్మకం. శంకరంబాడి సుందరాచారి రాసిన ‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’ను టంగుటూరి సూర్యకుమారి రికార్డులో ఒకసారి విని, తరువాత బడిలో ప్రార్థన వేళ పాడే పద్ధతి గుర్తు చేసుకోండి. బడి పాట కవాతు, ఆమెది దండ గుచ్చుతున్న చేయి. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ పద్యాలకు ఘంటసాల కట్టిన వరుస మరొక విచిత్రం. ఆ రికార్డు తరువాత ఆ పద్యాలను వేరే బాణీలో చదవడమే మర్చిపోయాం. కొత్తగా పాడిన ప్రతి గాయకుడూ ఘంటసాలను అనుకరించాడా లేదా అనే తూకంలోనే నిలబడాల్సి వస్తోంది, అది వారికి అన్యాయమే.

ఏ రికార్డింగు అయినా సరే, దాచుకునే ముందు చూసుకోవలసినవి రెండున్నాయి. మొదటిది వేగం. నా దగ్గర ఒక కచేరీ టేపు ఉండేది. అందులోని కీర్తనను ఏడాది పాటు విని, విని, అదే వేగంతో నేర్చుకుని ఒక గురువుగారి ముందు పాడాను. పల్లవి కాగానే ఆయన ఆపి, ‘ఎవరైనా తరుముతున్నారా నాయనా?’ అన్నారు. తరువాత తేలిందేమిటంటే ఆ టేపును బ్యాటరీలు నీరసించిన రికార్డరు మీద పట్టారు. రికార్డు చేసేటప్పుడు టేపు మెల్లగా నడిస్తే, సరైన వేగంతో వాయించినప్పుడు పాట పరుగెత్తుతుంది, గొంతు సన్నబడుతుంది. నేను నేర్చుకున్నది విద్వాంసుడి కాలప్రమాణం కాదు, బ్యాటరీల కాలప్రమాణం. దీన్ని పసిగట్టడం సులువు. ఆ గాయకుడి మరి రెండు రికార్డింగులు తీసుకుని శ్రుతిపెట్టెతో సరిచూడండి. ఆధారంగా పెట్టుకునే ‘స’ ఎత్తును శ్రుతి అంకెలతో చెబుతారు. పురుషులు ఎక్కువగా ఒకటి నుంచి రెండు శ్రుతి లోపల, స్త్రీలు నాలుగున్నర నుంచి ఆరు లోపల పాడతారు. ఎప్పుడూ ఒకటిన్నరకు పాడే మనిషి ఒక్క టేపులో మాత్రం రెండుకు పాడుతున్నట్టుంటే అనుమానించాలి. అరశ్రుతి తేడా అంటే వేగంలో సుమారు 6 శాతం తేడా. అరగంట కచేరీలో దాదాపు నిమిషం నలభై సెకన్లు మాయమైనట్టు. పాత ప్లేట్లకు కూడా ఇదే బాధ ఉంది, పేరుకు 78 గాని తొలినాళ్లలో అన్నీ ఖచ్చితంగా ఆ వేగంతోనే రికార్డు కాలేదు. కంప్యూటరు మీద వేగం, శ్రుతి రెండూ కలిపి సరిదిద్దుకోవచ్చు. శ్రుతిని మాత్రమే మార్చి వేగాన్ని అలాగే ఉంచే మీట మాత్రం నొక్కకండి, అప్పుడు తప్పు సగమే పోతుంది.

రెండోది శుభ్రం చేయడం. ‘గరగర లేకుండా శుద్ధి చేసిన ప్రతి’ అని చెప్పుకునేవి ఇప్పుడు ఎక్కువయ్యాయి. చప్పుడుతో పాటు వాటిలో తంబూరా నాదం పోతుంది, మృదంగం చాపు మొద్దుబారుతుంది, గాయకుడు నీళ్ల తొట్టిలోంచి పాడుతున్నట్టుంటుంది. గరగర ఉన్నది, శుద్ధి చేసినది రెండూ దొరికితే నేను మొదటిదే తీసుకుంటాను. చప్పుడును చెవి తనంతట తానే వడకట్టుకుంటుంది, పోయిన తంబూరాను మాత్రం ఏ చెవీ తిరిగి తేలేదు. పోల్చుకోవడానికి కీర్తన మొదట్లో, గొంతు ఎత్తుకునే ముందు ఉండే ఆ రెండు మూడు క్షణాల నిశ్శబ్దాన్ని వినండి. అందులో శ్రుతి సన్నగానైనా మోగుతుంటే ఆ ప్రతి మంచిది. శవం లాంటి నిశ్శబ్దం ఉంటే వదిలేయండి.

నేర్చుకుంటున్నవారికి ఒక్క మాట. రికార్డింగును మాత్రమే నమ్ముకుని కీర్తన నేర్చుకోవడం కుదరదు, పక్కన స్వరపరచిన పుస్తకం ఉండాలి. వృత్తిరీత్యా వైద్యులైన శ్రీపాద పినాకపాణి (1913–2013) ‘సంగీత సౌరభం’ నాలుగు సంపుటాల్లో గమకాలతో సహా రాసి పెట్టినవి ఈ పనికి చాలా ఉపకరిస్తాయి. ఆయన శిష్యులైన నేదునూరి, వోలేటి, నూకల చిన సత్యనారాయణల రికార్డింగులు వింటూ ఆ స్వరం మీద వేలు పెట్టుకుని నడిస్తే, గొంతులో జరిగేదానికీ కాగితం మీద ఉన్నదానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో, ఆ ఖాళీని ఎవరు దేనితో నింపారో తెలుస్తుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతూ తెలుగు చదవడం రాని పిల్లలకు మాత్రం ముందు స్టూడియో ప్రతి, అదీ తెలుగు మాతృభాషగా ఉన్న గాయకుడిది ఇవ్వండి. వారికి ఆ పాటే అక్షరమాల కూడా అవుతుంది, ‘కుబహు’తో మొదలైతే దిద్దడానికి మళ్లీ పదేళ్లు పడుతుంది.

ఇంతకూ ‘నగుమోము’కు నేను చెప్పే వరుస ఇది. ముందు సాహిత్యం ఒకసారి పైకి చదువుకోండి. తరువాత పాత ప్లేటు రెండుసార్లు, వారం రోజుల తరువాత రేడియోదో స్టూడియోదో ఒకటి, అది నోటికి వచ్చాక కచేరీ, ఆఖరున మాండలిన్. శుద్ధ ధైవతపు పాఠం దొరికితే కచేరీకి ముందు వినండి, తరువాత అయితే చెవి ఒప్పుకోదు. మీకు నచ్చినది మిత్రులకు పంపేటప్పుడు పేరు, రాగం మాత్రమే రాసి ఊరుకోక ప్లేటా, రేడియోనా, కచేరీనా, నిడివి ఎంత, శ్రుతి ఎంత, వేగం సరిచేశారా లేదా అన్నది రెండు వాక్యాల్లో రాయండి. దగ్గు వినిపిస్తే ఎన్నో నిమిషంలోనో కూడా రాయండి. ఒకే కచేరీ నాలుగు చేతులు మారి నాలుగు పేర్లతో తిరుగుతున్నప్పుడు అవన్నీ ఒకటేనని తేల్చడానికి అంతకన్నా నమ్మకమైన గుర్తు నాకు ఇంతవరకు దొరకలేదు.